రక్షణ కొనుగోళ్లలో సిస్టమ్స్ ఇంజనీరింగ్ ప్లాన్: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో రక్షణ రంగానికి ఎలక్ట్రానిక్ పరికరాలు చేసి ఇచ్చే ఒక సంస్థలో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను. ఇక్కడ చిన్న మెషిన్ షాపులు, ఫ్యాబ్రికేషన్ యూనిట్లు నడిపేవాళ్లూ, నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో చదివే పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ నన్ను పదేపదే అడిగే ప్రశ్నలు ఇవి. ఒక్కొక్కరికీ ఫోన్‌లో విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

సిస్టమ్స్ ఇంజనీరింగ్ అంటే ఏమిటి? మెకానికల్, సివిల్ లాగా అదో బ్రాంచా?

బ్రాంచి అనడం కన్నా బాధ్యత అనడం సరిగ్గా ఉంటుంది. ఆకాశ్ క్షిపణి వ్యవస్థనే తీసుకోండి. అందరికీ కనిపించేది క్షిపణి ఒక్కటే. దాని వెనక రాడార్ ఉంది, మూడు క్షిపణులు మోసే లాంచర్ ఉంది, ఆదేశాలిచ్చే వాహనం ఉంది, వీటన్నిటికీ కరెంటు ఇచ్చే జనరేటర్ ఉంది, మధ్యలో కేబుళ్లు, రేడియోలు, సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. రాడార్ చేసినవాళ్లు తమది పాసయిందంటారు, జనరేటర్‌వాళ్లు తమదీ పాసయిందంటారు. రెండూ కలిపి ఎండలో నాలుగు గంటలు నడిపితే ఏదో ఒకటి ఆగిపోతుంది. అప్పుడు తప్పు ఎవరిది? ఆ ప్రశ్న రాకుండా మొదటి నుంచీ మొత్తం వ్యవస్థను ఒకే వస్తువుగా చూస్తూ, ఏ ముక్కకు ఎంత బరువు, ఎంత కరెంటు, ఎంత వేడి, ఎంత సమయం కేటాయించాలో లెక్కగట్టే పని సిస్టమ్స్ ఇంజనీరుది.

ప్లాన్ అంటే షెడ్యూలే కదా? ప్రాజెక్ట్ మేనేజర్ ఎక్సెల్ షీట్‌లో వేస్తాడుగా?

షెడ్యూల్ ఏ పని ఎప్పుడు అవుతుందో చెబుతుంది. ఆ పని నిజంగా అయిందని ఏ ఆధారంతో నమ్మాలో, అయిందని చెప్పే అధికారం ఎవరిదో సిస్టమ్స్ ఇంజనీరింగ్ ప్లాన్ చెబుతుంది. రెండూ కావాలి. కానీ మనవాళ్లు మొదటిదానితో ఆపేస్తారు.

నెల్లూరు రైతును అడిగితే ఈ తేడా వెంటనే చెబుతాడు. ఫలానా తేదీకి నాట్లు వేయాలి అనుకోవడం షెడ్యూల్. సోమశిల నుంచి కాలవకు నీళ్లు వచ్చాయా, నారు సరిపడా ఎదిగిందా, దమ్ము సరిగా అయిందా అని చూసుకుని నాట్లకు దిగడం రెండోది. తేదీ వచ్చింది కదా అని ఎదగని నారు పీకి నాటడు.

అమెరికా రక్షణ శాఖలో సిస్టమ్స్ ఇంజనీరింగ్ ప్లాన్ అనేది అదే పేరుతో ఉండే అధికారిక పత్రం. అక్కడి ఇంజనీర్లు దాన్ని పొడి అక్షరాల్లో 'ఎస్ఈపీ' అంటారు. దానికి సంబంధించిన 5000.88 నంబరు ఆదేశం 2020 నవంబరులో వచ్చింది. మన దగ్గర ఇదే విషయం క్వాలిటీ అస్యూరెన్స్ ప్లాన్, క్వాలిఫికేషన్ టెస్ట్ ప్లాన్, కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అంటూ నాలుగైదు పత్రాల్లో చెదిరి ఉంటుంది. అన్నిటినీ ఒకే దారంతో కుట్టే పత్రం మీ ఆఫీసులో ఒకటి ఉండాలని నేను గట్టిగా చెబుతాను, ఎవరూ అడగకపోయినా సరే.

మన దేశంలో కొనుగోలు ఏ వరుసలో సాగుతుంది? ఇంజనీరు ఎక్కడ వస్తాడు?

ప్రధానమైన నియమావళి డిఫెన్స్ అక్విజిషన్ ప్రొసీజర్-2020, పొడి అక్షరాల్లో డీఏపీ-2020. అది 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. సైన్యం తనకు కావలసినదాన్ని గుణాత్మక అవసరాల పత్రంగా రాస్తుంది. ఆ తర్వాత ఈ వస్తువు నిజంగా అవసరమేనని ఆమోదం రావాలి. దాన్ని 'ఏఓఎన్' అంటారు. పెద్ద కొనుగోళ్లకు ఇది రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్‌లో తేలుతుంది. తర్వాత ఆర్ఎఫ్‌పీ, అంటే టెండర్ పత్రం. దాని మీద సాంకేతిక పరిశీలన, ఫీల్డ్ ట్రయల్స్, ధర మీద చర్చలు, చివరికి కాంట్రాక్టు.

చాలామంది కాంట్రాక్టు వచ్చాక ఇంజనీరింగ్ మొదలవుతుందనుకుంటారు. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. ఆర్ఎఫ్‌పీకి జవాబు రాసేటప్పుడే ప్రతి నిబంధనకూ 'ఒప్పుకుంటున్నాం' అని రాస్తారు కదా, ఆ ఒక్కో మాటా ఇంజనీరింగ్ వాగ్దానమే. ఫీల్డ్ ట్రయల్స్ సాధారణంగా అమ్మేవాడి ఖర్చు మీదే జరుగుతాయి. రాజస్థాన్ ఎడారికీ, లేహ్ లాంటి ఎత్తయిన చోటుకీ పరికరాన్ని మీరే మోసుకెళ్లి చూపించాలి. అక్కడ ఫెయిలైతే కాంట్రాక్టు దాకా వెళ్లేదే ఉండదు.

రిక్వైర్‌మెంట్ ఎలా రాయాలి? కస్టమర్ ఇచ్చిందే కాపీ చేస్తే చాలదా?

చాలదు. ఈ ప్రశ్నకు కాస్త పొడుగ్గా జవాబు చెబుతాను, ఎందుకంటే నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి.

'పరికరం తేలికగా ఉండాలి' అన్నది కోరిక. 'బ్యాటరీతో కలిపి 12 కిలోలు మించకూడదు' అన్నది రిక్వైర్‌మెంట్. 'త్వరగా ఆన్ అవ్వాలి' కోరిక. 'స్విచ్ వేసిన 90 సెకన్లలోపు, మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా, పూర్తిగా పనిచేయడం మొదలుపెట్టాలి' రిక్వైర్‌మెంట్. తేడా ఎక్కడుందంటే, రెండోదాన్ని కొలవచ్చు. కొలిచాక అవునో కాదో ఇద్దరూ ఒప్పుకోక తప్పదు.

కాబట్టి ప్రతి రిక్వైర్‌మెంట్‌కూ ఒక నంబరు ఇవ్వండి. పక్కన అది కస్టమర్ పత్రంలో ఏ పేజీ నుంచి వచ్చిందో రాయండి. దాని పక్కన దీన్ని మనం ఎలా రుజువు చేస్తామో రాయండి: పరీక్ష చేసి చూపిస్తామా, లెక్కగట్టి చూపిస్తామా, నడిపి చూపిస్తామా, కంటితో పరిశీలిస్తే చాలా అని. ఈ చివరి గడి నింపలేకపోతున్నారంటే ఆ వాక్యం మీకు ఇంకా అర్థం కాలేదని గుర్తు. అప్పుడు కస్టమర్‌కు ప్రశ్న రాసి పంపాలి. ప్రీబిడ్ మీటింగ్ ఉన్నది అందుకే. అడిగితే తెలియనివాళ్లమనుకుంటారేమోనని మనవాళ్లు మొహమాటపడతారు. ఆ మొహమాటం ట్రయల్స్ రోజున చాలా ఖరీదవుతుంది.

పరీక్షల సంగతి చివర్లో చూసుకోవచ్చు కదా?

నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. మేం ఒక వాహనంలో పెట్టే జంక్షన్ బాక్సు చేశాం. అల్యూమినియం పెట్టె, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు. చూడ్డానికి చక్కగా ఉంది, ఎలక్ట్రికల్ పరీక్షలన్నీ పాసయింది. చివర్లో ఉప్పు పొగమంచు పరీక్షకు పెట్టాం. బయటికి తీసేసరికి స్క్రూల చుట్టూ తెల్లటి పొడి, లోపల కనెక్టర్ల దగ్గర తేమ. రెండు వేర్వేరు లోహాలు ఉప్పు నీళ్ల మధ్య కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. పుస్తకాల్లో ఉన్న విషయమే. ఆ పరీక్ష ఉంటుందని ఆర్ఎఫ్‌పీ అనుబంధంలో ఒక్క లైన్ ఉంది, జేఎస్ఎస్ 55555 (ఎలక్ట్రానిక్ పరికరాల పర్యావరణ పరీక్షలకు మన సైన్యం వాడే ప్రమాణం) ప్రకారం పరీక్షించాలని. మా రిక్వైర్‌మెంట్ల పట్టికలోకి ఆ లైన్ ఎక్కలేదు. పట్టిక తయారుచేసింది నేనే.

పూత మార్చాం, స్క్రూల కింద వేరే వాషర్లు పెట్టాం, గాస్కెట్ గాడి లోతు మార్చాం. గాడి మారేసరికి డ్రాయింగులు మారాయి, పెట్టెలు మళ్లీ చేయించాం, పాసైన పరీక్షలు కొన్ని మళ్లీ చేయాల్సి వచ్చింది. ఆరు నెలలు పోయాయి. ఆ తర్వాత సెలవుల్లో కొత్తపట్నం వెళ్తే, రొయ్యల చెరువు గట్టున ఏరియేటర్ మోటారు విప్పుతున్న మెకానిక్ 'సముద్రం గాలికి ఈ స్క్రూలు ఆగవు సార్' అని మామూలుగా అనేశాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. తీరం పక్కన పుట్టి పెరిగినవాణ్ని, నాకు ముందే తోచాల్సింది.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఉన్నవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. బ్లాకు క్వారీలో ఉండగానే పగులు కనపడితే పోయేది ఆ బ్లాకే. కోసి, పాలిష్ పట్టి, పోర్టుకు పంపాక కనపడితే పోయేది మొత్తం సరుకు, దాంతో పాటు పేరు.

రివ్యూలు ఎన్ని పెట్టుకోవాలి? మాకు మీటింగులతోనే సరిపోతోంది.

మీటింగు వేరు, సాంకేతిక రివ్యూ వేరు. ముఖ్యమైనవి నాలుగు. కస్టమర్ అడిగింది మనకు ఒకేలా అర్థమైందా అని చూసేది సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ రివ్యూ. ఎంచుకున్న మార్గం పనిచేస్తుందా అని చూసేది ప్రిలిమినరీ డిజైన్ రివ్యూ. తయారీకి ఇచ్చేంత వివరంగా డ్రాయింగులు సిద్ధమయ్యాయా అని చూసేది క్రిటికల్ డిజైన్ రివ్యూ. పరీక్షకు దిగే ముందు పరికరం, కొలిచే సాధనాలు, పరీక్షా పద్ధతి అన్నీ సిద్ధమా అని చూసేది టెస్ట్ రెడీనెస్ రివ్యూ. పెద్ద ప్రాజెక్టుల్లో ఇంకా ఉంటాయి.

ప్రతి రివ్యూకూ లోపలికి రావడానికి షరతులు, బయటికి వెళ్లడానికి షరతులు ప్లాన్‌లోనే రాసి ఉండాలి. ఉదాహరణకు, 'ఇంటర్‌ఫేస్ పత్రాలన్నిటి మీదా ఇరువైపులా సంతకాలు అయితేనే డిజైన్ రివ్యూ' అని. తేదీ వచ్చింది కదా అని రివ్యూ జరిపేసి, పెండింగ్ అంశాల జాబితా పట్టుకుని బయటికి రావడం మన దగ్గర ఎక్కువ. ఆ జాబితా తర్వాత ఎవరూ తెరవరు.

ఇంటర్‌ఫేస్ అంటే కనెక్టరేనా?

కనెక్టర్ అందులో చిన్న భాగం. అద్దంకి దగ్గర కొరిశపాడు వద్ద జాతీయ రహదారి 16 మీద విమానాలు అత్యవసరంగా దిగేందుకు కట్టిన రన్‌వే మీలో చాలామంది చూసే ఉంటారు. 2024 మార్చిలో అక్కడ వాయుసేన సుఖోయ్-30 సహా విమానాలతో విన్యాసం చేసింది. ఆ రోడ్డు హైవేల సంస్థకు రోడ్డు, వాయుసేనకు రన్‌వే. కాంక్రీటు ఎంత బరువు మోయాలి, మధ్యలో డివైడర్ ఉండాలా వద్దా, పక్కన కరెంటు స్తంభాలు ఎంత దూరం ఉండాలి, వాహనాలను ఎవరు ఆపాలి, ఎంతసేపట్లో ఖాళీ చేయాలి, రోడ్డు మీదికి పశువులు రాకుండా కంచె ఎవరు వేయాలి, ఇలాంటివన్నీ రెండు సంస్థల మధ్య తేల్చుకోవలసిన ఇంటర్‌ఫేస్‌లే. వీటిలో కాంక్రీటు లెక్క కన్నా 'ఎవరు' అన్న ప్రశ్నలే కష్టం.

మీ ప్లాన్‌లో కూడా అంతే. రెండు ముక్కలు కలిసే ప్రతిచోటా ఒక పత్రం, దానికి ఒకే ఒక్క యజమాని ఉండాలి. ఇద్దరు యజమానులంటే ఎవరూ లేనట్టే లెక్క.

సైన్యం మధ్యలో రిక్వైర్‌మెంట్ మారిస్తే ఏం చేయాలి?

మారుస్తారు. బెదిరింపులు మారతాయి, పక్క దేశం కొత్త ఆయుధం తెస్తుంది, కాబట్టి మార్చడం తప్పు కాదు. మార్పు ధర ఎంతో లెక్కగట్టకుండా ఒప్పుకోవడం తప్పు.

అర్జున్ ట్యాంకు చరిత్ర చదవండి. సైన్యం అవసరాల పత్రం 1972 నాటిది, ప్రాజెక్టుకు మంజూరు 1974లో వచ్చింది, తొలి విడత ట్యాంకులు సైన్యానికి అందింది 2004లో. మొదట అనుకున్నది దాదాపు 40 టన్నుల ట్యాంకు, 105 మిల్లీమీటర్ల ఫిరంగి. చివరికి వచ్చింది 120 మిల్లీమీటర్ల ఫిరంగితో 58.5 టన్నుల ట్యాంకు. అన్ని ఏళ్లు పట్టడానికి కారణం ఒక్కటే అని నేను అనను, దిగుమతి చేసుకున్న ఇంజను దగ్గర నుంచి చాలా ఉన్నాయి. కానీ ఫిరంగి మారితే టరెట్ (ఫిరంగిని మోస్తూ తిరిగే పై భాగం) మారుతుంది, టరెట్ మారితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఇంజను, సస్పెన్షన్, చివరికి రైలు వ్యాగన్లు, వంతెనలు కూడా లెక్కలోకి వస్తాయి. ఒక్క అంకె మారిస్తే ఎంత దూరం కదులుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

అందుకే రివ్యూ అయ్యాక రిక్వైర్‌మెంట్లను బేస్‌లైన్‌గా, అంటే ఇష్టమొచ్చినట్టు మార్చకూడని ప్రాతిపదికగా కట్టేయాలి. ఆ తర్వాత ఏ మార్పు వచ్చినా ఒక చిన్న కమిటీ చూసి బరువు, ఖర్చు, సమయం, మళ్లీ చేయాల్సిన పరీక్షలు రాసి కస్టమర్ ముందు పెట్టాలి. 'సరే సార్, చేసేద్దాం' అని ఫోన్‌లో ఒప్పుకోకండి. పెద్ద హోదాలో ఉన్న అధికారి అడిగినప్పుడు ఇది కష్టమని నాకు తెలుసు. అయినా ఒప్పుకోకండి.

ఒక కొత్త టెక్నాలజీ వాడదామనుకుంటున్నాం. అది రెడీనా కాదా ఎలా తెలుస్తుంది?

నాసా 1970లలో మొదలుపెట్టిన టెక్నాలజీ రెడీనెస్ లెవెల్ అనే మెట్లు ఉన్నాయి, ఒకటి నుంచి తొమ్మిది వరకు. ఒకటంటే సూత్రం కాగితం మీద ఉంది. తొమ్మిదంటే నిజమైన పనిలో నిరూపితమైంది. అమెరికాలో పెద్ద రక్షణ ప్రాజెక్టు పూర్తిస్థాయి అభివృద్ధిలోకి వెళ్లాలంటే టెక్నాలజీని సంబంధిత వాతావరణంలో నడిపి చూపించి ఉండాలి, అంటే ఆరో మెట్టు. ల్యాబ్‌లో ఏసీ గదిలో పనిచేసిన సెన్సరు నాలుగో మెట్టు మీద ఉంది. మే నెల ఒంగోలు ఎండలో జీపు మీద కట్టి నడపండి, అప్పుడు ఆరు గురించి మాట్లాడుకుందాం.

ఎవరు ఆపాలి, ఎవరు కానివ్వాలి అన్నది కూడా ప్లాన్‌లో రాయాలా?

తప్పకుండా రాయాలి. శ్రీహరికోట అప్పట్లో మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అక్కడి నుంచి 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ తొలి ప్రయోగం జరిగింది. అది అంతరిక్ష ప్రాజెక్టు, రక్షణది కాదు. కానీ దాన్ని నడిపిన అబ్దుల్ కలాం గారే తర్వాత హైదరాబాద్ వచ్చి 1983లో మొదలైన క్షిపణుల కార్యక్రమాన్ని నడిపారు. ఆ రోజు కౌంట్‌డౌన్‌లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపింది. నిపుణులతో మాట్లాడి, ముందుకే వెళ్లాలని తాను నిర్ణయం తీసుకున్నానని కలాం గారే తర్వాత చాలా సభల్లో చెప్పారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో వాల్వు లోపం వల్ల రాకెట్ బంగాళాఖాతంలో పడింది. విలేకరుల ముందు ఆ వైఫల్యం బాధ్యత తీసుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్. 1980 జులై 18న అదే రాకెట్ విజయవంతమైంది.

ధవన్ గారి గొప్పతనం గురించి అందరూ చెబుతారు, చెప్పాలి కూడా. నేను పిల్లలకు ఇంకో విషయం చెబుతాను. కౌంట్‌డౌన్ నడుస్తుండగా, అందరూ అలసిపోయి ఉన్నప్పుడు, ఆపాలా వద్దా అని చర్చించే పరిస్థితి రాకూడదు. ఏ కొలత ఎంత దాటితే ఆపాలి, ఆపమనే అధికారం ఎవరిది, దాన్ని తోసిపుచ్చే అధికారం ఎవరికైనా ఉందా అన్నది నెలల ముందే, ప్రశాంతంగా కూర్చుని రాసుకోవాలి. టెన్షన్‌లో మనిషి తనకు ఇష్టమైన జవాబే వింటాడు.

ప్లాన్ ప్రకారం పోతున్నామో లేదో మధ్యలో ఎలా తెలుసుకోవాలి?

ముఖ్యమైన ఐదారు అంకెలు ఎంచుకుని ప్రతి నెలా గ్రాఫు మీద పెట్టండి. బరువు, కరెంటు వాడకం, వేడి, ఎంత దూరం చూడగలదు లాంటివి. పరిమితి 12 కిలోలు, ఇప్పటి అంచనా 11.4 అయితే చేతిలో మిగిలింది 5 శాతం. డిజైన్ మొదట్లోనే అంత తక్కువ మిగిలితే నాకు భయం వేస్తుంది, ఎందుకంటే బరువు పెరగడమే చూశాను గానీ తగ్గడం దాదాపుగా చూడలేదు.

మాది పది మంది పనిచేసే యూనిట్. ఇంత ప్లాన్ మావల్ల అవుతుందా?

అవుతుంది. మీకు కావలసింది ఏడెనిమిది పేజీలే. ఏం చేస్తున్నాం, రిక్వైర్‌మెంట్ల పట్టిక, ఎవరి ముక్కతో ఎక్కడ కలుస్తాం, ఏ పరీక్షలు ఏ ల్యాబ్‌లో, ఏవి తప్పిపోవచ్చు, ఎవరు సంతకం పెడతారు. అంతే. పర్యావరణ పరీక్షల ల్యాబులు మన రెండు జిల్లాల్లో దొరకవనుకునే ప్లాన్ చేసుకోండి. హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లాలి, స్లాట్ ముందుగా బుక్ చేయాలి, ఒకసారి ఫెయిలైతే రెండోసారికి డబ్బు, సమయం పక్కన పెట్టుకోవాలి. ఈ ఒక్క లైన్ లేక నష్టపోయిన చిన్న కంపెనీలు నాకు తెలుసు.

సొంత ఆలోచన ఉంటే రక్షణ రంగంలో కొత్త ఆలోచనలకు గ్రాంట్లు ఇచ్చేందుకు 2018లో మొదలైన ఐడెక్స్ పథకం చూడండి. సాధారణ గ్రాంటు 1.5 కోట్ల వరకు, ఐడెక్స్ ప్రైమ్‌లో 10 కోట్ల వరకు ఉంటుంది. డబ్బు మైలురాళ్ల వారీగా వస్తుంది కాబట్టి, మైలురాయి అంటే ఏమిటో ముందే కొలిచేలా రాసుకున్నవాళ్లకు డబ్బు సాఫీగా అందుతుంది.

పరికరం ఇచ్చేశాక మన పని అయిపోయినట్టేనా?

సైన్యం ఒక పరికరాన్ని ఇరవై, ముప్పై ఏళ్లు వాడుతుంది. అందులోని చిప్పు ఐదారేళ్లలో మార్కెట్లో కనపడకుండా పోవచ్చు. దాన్ని మార్చే మార్గం, విడిభాగాల జాబితా, జవాను చేతి తొడుగులతోనే మూత విప్పగలడా అన్నది కూడా డిజైన్ రోజే చూడాలి.

ఇవన్నీ రహస్య విషయాలు కదా, బయట చదవచ్చా?

కొనుగోలు విధానం, ప్రమాణాలు, రివ్యూ పద్ధతులు బహిరంగమే. డీఏపీ-2020 పూర్తి పాఠం రక్షణ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టింది. రహస్యం అంతా ఫలానా పరికరం అంకెల్లో ఉంటుంది, అవి మీకు కాంట్రాక్టుతో పాటే వస్తాయి, వాటిని ఎక్కడా పంచుకోకూడదు, వాట్సాప్‌లో అసలే వద్దు.

మా అబ్బాయి ఈసీఈ మూడో ఏడాది. ఈ రంగంలోకి రావాలంటే ఏ కోర్సు చేయించాలండీ?

ముందు ఏదో ఒక బ్రాంచి గట్టిగా నేర్చుకోమనండి. చేత్తో ఒక పరికరం చేసి, అది పాడైతే బాగుచేసిన అనుభవం లేనివాళ్లు మంచి సిస్టమ్స్ ఇంజనీర్లు కావడం నేను చూడలేదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు బజారులో కొనుక్కోకుండా స్నేహితులతో కలిసి చేయమనండి. మొదటి వారంలో సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోవద్దని చెప్పండి. నలుగురూ కూర్చుని ఒక కాగితం మీద ఇరవై రిక్వైర్‌మెంట్లు రాసి, ప్రతిదాని పక్కన ఎలా పరీక్షిస్తారో రాయాలి. రాశాక ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపమనండి, ఎక్కడ గడి ఖాళీగా ఉందో చూసి చెబుతాను.